బాలుని విశ్వాసమునకు యజమాని ఎవరు?

చదువదగిన వాక్యభాగములు: 1 సమూయేలు 3:1–18, లూకా 2:41–52

పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వరకు గల వయస్సు సంఘములలో తరచుగా లెక్కకు రాని వయస్సు. సండేస్కూలులో చిన్నపిల్లల నడుమ కూర్చుండుటకు ఆ వయస్సువారు సిగ్గుపడుదురు. యౌవనస్థుల సహవాసములో వారికి చోటు దొరకదు. క్రిస్మసు నాటకమునకును, చాపలు పరచుటకును, కుర్చీలు సర్దుటకును మాత్రమే వారు పెద్దలకు జ్ఞాపకము వత్తురు. అయినను ఈ రెండు మూడు సంవత్సరములలోనే బాలుడు, "మా తల్లిదండ్రుల దేవుడు నాకును దేవుడేనా?" అని తనలో తాను అడుగనారంభించును. ఆ ప్రశ్న పైకి వినబడదు. అల్లరిగానో, మౌనముగానో, ఆరాధనకు రాననెడి మొండితనముగానో అది బయటపడును.

అట్టి పిల్లలను నడిపించుటకు పూనుకొనినవారు ప్రతి సంఘములోను కొందరుందురు. వారి ఉత్సాహమును ఎవరును శంకింపరు. కాని వారి ముందు ఒక కఠినమైన ప్రశ్న కలదు. ఎదుగుచున్న బాలుని మనస్సు మెత్తని మట్టివంటిది; ప్రేమించిన వారి చేతిలో అది ఏ రూపమునైనను దాల్చును. అట్టి మనస్సుపై నాయకునికి ఎంతవరకు అధికారము కలదు? నమ్మించుట వేరు, నమ్మువరకు తోడుగా నిలుచుట వేరు. ఆ రెంటి నడుమ హద్దు ఎక్కడ?

స్వగ్రామములోని సంఘములో ఈ ప్రశ్న కొంత మరుగుపడును. అక్కడ తాతలనాటి దేవాలయము, బంధువర్గము, అలవాటు బాలుని మోసికొనిపోవును. వలస వచ్చిన కుటుంబములలో అట్టి ఆధారములు తక్కువ గనుక అక్కడ ప్రశ్న తేటగా కనబడును. గుజరాతులోని సూరతు పట్టణము అట్టి స్థలములలో ఒకటి.

సాంచెల చప్పుడులో

తపతీ నది ఒడ్డున నున్న సూరతులో సలాబత్‌పురా ఒక పాతపేట. అది బట్టల పనితో బ్రదుకు పేట. దాని సమీపమున రింగురోడ్డు వెంబడి చీరల మార్కెట్లు అంతస్తులుగా లేచియున్నవి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి నేతపని నెరిగిన తెలుగు కుటుంబములు షోలాపూరు, భివండీలకు వెళ్లినట్లే సూరతుకును తరతరములుగా వచ్చినవి. చేతిమగ్గము విడిచి సాంచెల యొద్ద నిలిచిన ఆ నేతగాండ్రకు పండ్రెండు గంటల షిఫ్టు వాడుకయైన సంగతి. తండ్రి రాత్రి షిఫ్టుకు పోవునప్పుడు కుమారుడు పుస్తకము తీయును. తండ్రి తిరిగివచ్చి నిద్రించు వేళకు కుమారుడు బడికి పోవును. ఒకే గదిలో నివసించుచును వారు ఒకరినొకరు చూచుకొనునది స్వల్పము.

సూరతు నగరపాలక సంస్థ వారి ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమములోను నడచుచున్నవి. ఇది వలస కుటుంబములకు గొప్ప మేలు. అయినను తెలుగు పిల్లలందరు తెలుగు బడికి పోరు. ఇంట తెలుగు, వీధిలో హిందీ, పుస్తకములో గుజరాతీ – ఇట్లు మూడు భాషల నడుమ పెరుగు పిల్లలు అనేకులు. వారిలో క్రైస్తవ గృహముల పిల్లలు మరి కొద్దిమంది. తరగతిలో వారికి మిత్రులైనవారు హిందువులు, మహమ్మదీయులు, జైనులు. "మీరు ఎవరు?" అని మిత్రులడిగినప్పుడు ఆ పిల్లలు చెప్పవలసిన జవాబు సులభమైనది కాదు.

ఈ పట్టణమునకును తెలుగు క్రైస్తవులకును పాత బంధుత్వమొకటి కలదు. 1805లో విశాఖపట్టణమునకు తన సేవకులను పంపి తెలుగున సువార్తల తర్జుమాకు పూనుకొనిన లండను మిషనరీ సంఘమే 1815లో సూరతునకు స్కిన్నరు, ఫైవీ అనువారిని పంపినది. వారు గుజరాతీ నేర్చి, బైబిలును ఆ భాషలోనికి తర్జుమా చేసి, 1820వ దశకములో సూరతులోనే అచ్చువేయించిరి. వినువాని భాషలో వినిపించిననే గాని వాక్యము హృదయమునకు చేరదని వారు నమ్మిరి. రెండు శతాబ్దముల తరువాత అదే పట్టణములో తెలుగు పిల్లలను నడిపించువానికి ఈ సంగతి పాఠముగా నిలుచుచున్నది.

నెహెమ్యా గ్రంథములోని రెండు దృశ్యములు

పిల్లలు తెలుగు అక్షరములు చదువలేరని పెద్దలు దుఃఖించుట న్యాయమే. తెలుగు బైబిలు తెరువలేని మనుమని చూచి ఒక వృద్ధురాలు కన్నీరు విడిచినచో దానిని తప్పుపట్టరాదు. అయితే ఆ దుఃఖము కోపముగా మారినప్పుడు ఏమి జరుగునో నెహెమ్యా గ్రంథము చూపుచున్నది. చెరనుండి తిరిగివచ్చినవారి పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాటలాడుచు యూదుల భాష నెరుగక యుండిరి (నెహెమ్యా 13:24). ఆ అధికారి మండిపడి వారి తండ్రులతో వాదించి, కొందరిని కొట్టి, తలవెండ్రుకలు పెరికెను. అన్య వివాహముల వలన ప్రజలు దేవుని విడుతురేమో యన్న భయము ఆ కోపము వెనుక నుండెను. భయము నిజమైనదే. కాని కొట్టినందున ఏ బాలుడైనను తన పితరుల భాష నేర్చినట్లు అక్కడ వ్రాయబడలేదు.

అదే గ్రంథములో మరియొక దృశ్యము కలదు (8:1–12). నీటి గుమ్మము ఎదుటి వీధిలో ఎజ్రా ధర్మశాస్త్రము చదివెను. లేవీయులు జనుల మధ్య నిలిచి దాని భావమును వారికి తెలియజేసిరి. జనులు గ్రహించిరి, ఏడ్చిరి, పిమ్మట సంతోషించిరి. మొదటి దృశ్యములో భాషను నిలుపుటకు మనుష్యుని గాయపరచుట కలదు. రెండవ దానిలో మనుష్యుని నిలుపుటకు వాక్యమును విప్పిచెప్పుట కలదు. బాలల నాయకుడు రెండవదాని ననుసరింపవలెను.

దీనికి గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. పదిమంది పిల్లలు కూర్చుండినచోట ఒకడు గుజరాతీలో, ఒకతె హిందీలో, మరియొకడు తెలుగులో అదే వాక్యభాగమును చదువవచ్చును. చదివిన దానిని ఇంటికి పోయి నాయనమ్మకు తెలుగులో చెప్పుమని వారికి పని నియమింపవచ్చును. అప్పుడు అక్షరములు రాని నాయనమ్మ, తెలుగు చదువరాని మనుమడు ఒకే వాక్యము చుట్టు కూడుదురు. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు, తల్లి యూదురాలు. అతడును రెండు లోకముల నడుమ పెరిగినవాడే. అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండిన విశ్వాసమును అపొస్తలుడు పేరుపెట్టి జ్ఞాపకము చేసెను (2 తిమోతి 1:5). అవ్వ చేయవలసిన పనిని నాయకుడు తన చేతిలోనికి తీసికొనరాదు. ఆమె చేయుటకు త్రోవ చూపుటయే అతని వంతు.

ఏలీ చేసిన మూడు పనులు

ఇక అసలు ప్రశ్నకు రావలెను. పిల్లల విశ్వాసముపై నాయకుని అధికారమెంత? షిలోహు మందిరములో జరిగినది ఇందుకు జవాబు చూపుచున్నది. ఆనాటికి సమూయేలునకు పండ్రెండేండ్లని యూదు చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను. ఆ బాలుడు మందిరములో పరిచర్య చేయుచుండెను, అక్కడనే నిద్రించుచుండెను, అయినను అతడు అప్పటికింకను యెహోవాను ఎరుగకుండెనని గ్రంథము నిర్మొహమాటముగా చెప్పుచున్నది (3:7). మందిరములో పెరుగుట వేరు, దేవుని ఎరుగుట వేరు. క్రైస్తవ గృహముల పిల్లలతో పని చేయువారు ఈ వచనమును మరువరాదు.

రాత్రివేళ పిలుపు వినబడగానే బాలుడు ఏలీ యొద్దకు పరుగెత్తెను. అది సహజము. ఎదుగుచున్న పిల్లలకు దేవుని స్వరము మొదట తాము ప్రేమించిన మనుష్యుని స్వరమువలెనే వినబడును. అప్పుడు ఏలీ చేసిన మొదటి పని తాను పిలువలేదని ఒప్పుకొనుట. వృద్ధుడు, చూపు మందగించినవాడు, తన కుమారులచేత సిగ్గునొందినవాడు అయిన అతనికి అంత భక్తిగల బాలుడు పరుగెత్తివచ్చి నిలుచుట ఎంత మధురముగా నుండవలెను! ఆ పరుగును అతడు తన సొత్తు చేసికొనలేదు. తండ్రి రాత్రి షిఫ్టులో నున్న ఇంటి బాలుడు తన నాయకుని అన్నగా, తండ్రిగా చూచుకొనును. అతని నడకను, మాటతీరును అనుకరించును. ఆ ప్రేమను త్రోసివేయనక్కరలేదు. అయితే అది తన పేరిట వచ్చిన ఉత్తరము కాదని నాయకుడు ఎరిగియుండవలెను.

రెండవ పని, జవాబు నేర్పి తాను వెనుక నిలుచుట. పిలుచువాడు యెహోవా అని గ్రహించిన వెంటనే ఏలీ బాలుని చేయిపట్టుకొని వెంట పోలేదు. ఏమని పలుకవలెనో చెప్పి, పోయి పండుకొనుమనెను. ఆ మాటల తరువాత ఏకాంతములో జరిగినది దేవునికిని బాలునికిని సంబంధించినది.

ఇక్కడ నేటి కాలపు వాడుక యొకటి పరీక్షింపదగినది. సెలవుల శిబిరములలో చివరి రాత్రి కూటమున గట్టి సంగీతము, కన్నీటి సాక్ష్యము, మందమైన వెలుగు నడుమ తీర్మానమునకై చేతులెత్తుమని పిల్లలను అడుగుట కలదు. ఎత్తిన చేతుల లెక్క నివేదికలో చేరును. రాత్రి కలిగిన పిలుపంతయు అబద్ధమనరాదు. సమూయేలు విన్నదియు రాత్రియే. కాని ఆ ఘడియ దాటిన యెడల పిలుపు పోవునేమో యన్నట్లు పదమూడేండ్ల పిల్లలను తొందరపెట్టుట విశ్వాసమువలె కనబడు అవిశ్వాసము. ఏలీ బాలుని రెండుమార్లు నిద్రకు పంపివేసినను పిలుపు తప్పిపోలేదు. మూడవమారు వచ్చెను, నాల్గవమారును వచ్చెను. పిలుచువాడు విసుగనివాడు. "ఇంటికి పోయి నిద్రించుము. రేపు అమ్మతో చెప్పుము. వచ్చే ఆదివారము కూడ నీ హృదయము ఇట్లే చెప్పినచో మరల మాటలాడుకొందము" అని చెప్పగలిగిన నాయకుడు దేవుని పనికి అడ్డుపడినవాడు కాడు. దేవుని నమ్మినవాడు. గుంపులో కలిగిన ఆవేశము తెల్లవారుసరికి చల్లబడవచ్చును. దేవుని పిలుపు చల్లబడదు.

మూడవ పని అన్నిటికంటె కష్టమైనది. తెల్లవారిన తరువాత ఏలీ, ఏమియు దాచక చెప్పుమని బాలుని అడిగెను. వచ్చిన సందేశము ఏలీ ఇంటిమీది తీర్పు. అతడు బాలుని గద్దింపలేదు. సెలవిచ్చినవాడు యెహోవా అని తలవంచెను. తన కుమారులను అదుపు చేయలేకపోయిన ఆ యాజకుడు, తనకు వ్యతిరేకముగా పలికిన సత్యమును పిల్లవాని నోట వినగలిగెను. ప్రశ్నించు పిల్లలను ఓర్చుకొనలేని నాయకుడు ఏలీకంటె తక్కువవాడు. "నాన్న త్రాగుడు మానవలెనని ఇన్నాళ్లు ప్రార్థించితిమి, ఎందుకు మానలేదు?" "నా స్నేహితుని అమ్మ నాకు రోజూ అన్నము పెట్టును, దేవుడు ఆమెను ప్రేమింపడా?" "సంఘములో పెద్దలు కొట్లాడుకొనుచున్నారే, మాకు మాత్రము నెమ్మది నేర్పుదురేమి?" ఇట్టి ప్రశ్నలకు సిద్ధపరచిన జవాబులు పనికిరావు. కొన్నిటికి, "నాకును తెలియదు, కలిసి వెదకుదము" అనుటయే సత్యము.

స్వేచ్ఛ నిర్లక్ష్యము కాదు

ఇందుకు ఒక ఆక్షేపణ వచ్చును. పిల్లలను వారి ఇష్టమునకు విడుచుటయేనా ఇది? కుమారులను అడ్డగింపకపోవుటయే కదా ఏలీ పాపము? ద్వితీయోపదేశకాండము కుమారులకు ఆజ్ఞలను అభ్యసింపజేయుమని చెప్పలేదా?

ఈ ఆక్షేపణ బలమైనదే. నేర్పని స్వేచ్ఛ స్వేచ్ఛ కాదు, అనాథత్వము. పండ్రెండేండ్ల యేసు యెరూషలేము దేవాలయములో ఉపదేశకుల నడుమ కూర్చుండిన దృశ్యము రెండు సత్యములను కలిపి చూపుచున్నది. ఆయన వినుచుండెను, అడుగుచుండెను. అడిగినదానికి ఉత్తరమును ఇచ్చుచుండెను. ఏటేట పండుగకు ప్రయాణము చేసిన తలిదండ్రుల పెంపకము ఆ ప్రశ్నల వెనుక నుండెను. ఆ ఉపదేశకులు ఏ బోధ చేసిరో లూకా వ్రాయలేదు. వారి నడుమ ఒక బాలుడు భయపడక కూర్చుండి అడుగగలిగెనని మాత్రము వ్రాసెను. తరువాత ఆయన నజరేతునకు వెళ్లి తలిదండ్రులకు లోబడియుండెను. ప్రశ్న లోబడుటను చెరుపలేదు. లోబడుట ప్రశ్నను నోరు మూయింపలేదు.

కావున పిల్లలకు బోధయు కావలెను, బాధ్యతయు కావలెను. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండు పట్టణమున ఫ్రాన్సిస్ క్లార్కు అను కాపరి క్రైస్తవ ప్రయత్న సంఘమును స్థాపించినప్పుడు, యౌవనులు కూర్చుండి వినుటతో తృప్తిపడక తామే ప్రార్థించి, తామే పనులు పంచుకొనవలెనని ఏర్పరచెను. చాప పరచుటకు మాత్రమే పిలువబడు బాలుడు ఒకనాడు చాప చుట్టి వెళ్లిపోవును. వాక్యము చదువుటకు, రోగిని దర్శించుటకు, తనకంటె చిన్నవారికి కథ చెప్పుటకు పిలువబడినవాడు తాను ఆ ఇంటివాడనని ఎరుగును.

పదునాలుగవ ఏట

సూరతు వంటి పట్టణములో నాయకుని మనస్సాక్షి నిజముగా పరీక్షింపబడునది పాటల యొద్ద కాదు, పని యొద్ద. 2009 విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా చేసినది. 2016 సవరణ పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను, బడి వేళల వెలుపల కుటుంబమునకు సాయపడుట మొదలగు కొన్ని మినహాయింపులతో, నిషేధించినది. ఎనిమిదవ తరగతి ముగియుసరికి ఈ రక్షణలో గొప్ప భాగము తొలగిపోవును. పేద ఇంటిలో ఆ వేసవియే తీర్పు దినము. సాంచె యొద్దకా, మార్కెటులో మూటలు కట్టుటకా, తొమ్మిదవ తరగతికా?

అట్టి సమయమున ఒక బాలుడు, "తల్లిదండ్రులకు విధేయుడవై యుండుమని వాక్యము. నాన్న పనికి పొమ్మనుచున్నాడు. చదువవలెనని కోరుట పాపమా?" అని అడిగినచో ఏమి చెప్పవలెను? ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయములోని మొదటి వచనము చెప్పి పంపివేయుట సులభము. నాల్గవ వచనము చెప్పి తండ్రిని నిందించుటయు సులభమే. రెండును బాలుని ఒంటరిగా విడుచును. తండ్రి షిఫ్టు దిగి నిద్రలేచిన వేళ చూచి ఆ ఇంటికి పోవుట, గది అద్దె, స్వగ్రామములోని అప్పు, ఆడబిడ్డ పెండ్లి మొదలగు అతని బాధలు ఓపికతో వినుట, బడి రుసుములో సంఘము ఎంత మోయగలదో తెలిసికొనుట, కానియెడల పని చేయుచునే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా పదవ తరగతి వ్రాయుటకు త్రోవ చూపుట – ఇవి బోధలో భాగమే. 1780లో గ్లాస్టరు పట్టణమున రాబర్టు రైక్సు సండేస్కూలు నారంభించినది పనివారి బిడ్డల నడుమనే. ఆదివారము తప్ప వారికి తీరిక లేదు గనుక ఆదివారమున చదువు నేర్పిరి. కావున బాలుని చదువు నాయకునికి పరాయి సంగతి కాదు. తుదకు తండ్రి మనస్సు మారకపోయినను, తన పక్షమున ఒకడు గడప దాటి వచ్చెనని బాలుడు ఎరుగును. విధేయత అను మాట ఆ బాలునికి చేదు కాకుండుటకు అదియొకటే మార్గము కావచ్చును.

తిరుగటిరాయి

ఈ చిన్నవారిలో ఒకని అభ్యంతరపరచువాని మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రములో ముంచివేయబడుట మేలని ప్రభువు పలికెను (మత్తయి 18:6). ఆయన పలికిన మాటలలో దీనికంటె భయంకరమైనవి కొద్ది. నమ్మకము గలచోటనే మోసమునకును త్రోవ కలదు. అందువలన మూసిన తలుపు వెనుక ఏ బాలునితోను, బాలికతోను ఒక పెద్దమనిషి ఒంటరిగా నుండరాదు; ఇద్దరు పెద్దలు లేని కూడిక జరుగరాదు. లైంగిక నేరములనుండి బాలలను కాపాడుటకు 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము అట్టి నేరము తెలిసినవాడు అధికారులకు తెలుపుట విధి. సంఘము పరువు పోవునని దాచుట దేవుని పరువును కాపాడుట కాదు. "ఎవరికిని చెప్పను" అని పిల్లలకు ముందుగా మాట ఇచ్చుటయు తగదు. "నీకు మేలు చేయగలవారికి తప్ప మరెవరికిని చెప్పను" అనుట సత్యమైన మాట.

మిత్రుని వెంట వచ్చిన ఇతర మతస్థుల పిల్లల విషయమై ఇంకను జాగ్రత్త కావలెను. గుజరాతులో 2003 నాటి మతస్వాతంత్ర్య చట్టము, దాని 2021 సవరణ కలవు. బలవంతము, ప్రలోభము, మోసము వలన మతము మార్చుట నేరము. అయితే చట్టము లేకపోయినను క్రైస్తవ మనస్సాక్షి చెప్పునది ఒకటే. తల్లిదండ్రుల ఎరుక లేకుండ వారి బిడ్డను ఆకర్షించుట ప్రేమ కాదు. వెలుగులో చేయలేని పని వెలుగు బిడ్డలకు తగదు. బిస్కెట్ల కొరకు, క్రికెట్టు బ్యాటు కొరకు వచ్చిన బాలునికి అవి అవిగానే ఇయ్యవలెను. వాటి వెనుక కొక్కెము దాచరాదు.

కొలత ఏది?

దోర్నకలు అత్యక్షుడైన వేదనాయకం శామ్యూలు అజరయ్య తెలుగువాడు కాడు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో దోర్నకలు చేరి, తెలుగు నేర్చి, తెలుగు గ్రామముల నడుమ బ్రదికి, 1945లో అక్కడనే కన్నుమూసెను. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడి, వారు ఇచ్చినవాటన్నిటితోపాటు స్నేహితులు కూడ కావలెనని వేడుకొనెను. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ ఎత్తుపల్లములు మిగిలినంతకాలము త్యాగము సైతము దూరమును చెరుపలేదని ఆయన ఎరుగును. పదమూడేండ్ల పిల్లలు ఆ మాటలను ఎరుగరు గాని వారి మొర అదియే. వారు కోరునది దాత కాదు, దర్శకుడు కాదు, స్నేహితుడు.

స్నేహితుడు స్నేహితుని సొంతము చేసికొనడు. అందుచేత ఈ పరిచర్యకు హాజరుపట్టీ సరియైన కొలత కాదు. సలాబత్‌పురా సందులలో పెరిగిన బాలుడు రేపు బొంబాయికి పోవచ్చును, కరీంనగరుకు మరలిపోవచ్చును, ఏ సంఘమునకు దగ్గర లేనిచోట ఒంటరిగా సాంచె నడుపవచ్చును. నాయకుడు వెంటరాని ఆ రాత్రి, ఆ యంత్రముల హోరులో, ఎవరో తనను పేరుపెట్టి పిలిచినట్లు తోచినప్పుడు, ఎవరి యొద్దకును పరుగెత్తక ఉన్నచోటనే జవాబు చెప్పుట వానికి తెలిసియున్నదా? తెలిసియున్నచో అతనికి నేర్పినవాని పేరు అతడు మరచినను నష్టము లేదు. పిలిచినవాడు ఏలీ కాడు. ఎదుగు బాలుడు ఏలీవాడు కాడు. ఈ సంగతి నెరిగి సంతోషింపగలవాడే పిల్లలను నడిపించుటకు యోగ్యుడు.